మోకాలినొప్పి రహిత మండలం

మా తాటిమూల మండలంలో మోకాలినొప్పి లేదు. ఈ మాట నేను అంటున్నది కాదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడకి కొట్టిన నీలం బోర్డు అంటోంది. ఆ బోర్డు కింద అరుగు మీద రోజూ పొద్దున్నే పాతికమందికి తక్కువ కాకుండా ఆడవాళ్ళు మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళు రోగులు కారు. ఎందుకు కారో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

నేను ఆ ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. జనం మాత్రం కంపౌండరుగారనే పిలుస్తారు. పైనుంచి వచ్చిన ఏ ఉత్తర్వునీ నేను ఇంతవరకు తప్పుపట్టలేదు. తప్పుపట్టినవాళ్ళు ఏయే ఊళ్ళకి బదిలీ అయ్యారో, అక్కడికి బస్సులు ఎన్నింటికి ఉన్నాయో నాకు బాగా తెలుసు.

అప్పట్లో జిల్లాలో 'రహిత' గాలి వీస్తోంది. ఒక మండలం ప్లాస్టిక్ రహితమైంది. ఇంకొకటి దోమల రహితమైంది. దోమల రహిత మండలాన్ని ప్రకటించే సభ పొరపాటున సాయంత్రం పూట పెట్టుకున్నారు. వేదిక మీది పెద్దలందరూ తమ చెంపలు తామే వాయించుకుంటూ ప్రసంగాలు చేశారు. ఇక ఏ రహితం మిగిలిందా అని పైవాళ్ళు వెతుకుతుండగా ఎవరికో మోకాలు తట్టింది.

ముందుగా లెక్క కావాలన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి ఏ జబ్బుతో వచ్చినా సరే, నలభై దాటినవాళ్ళలో ఎంతమందికి మోకాలి కీలు అరిగిందో చూసి పంపమన్నారు. మా డాక్టరు హిమబిందుగారు అప్పటికి సర్వీసులో చేరి రెండేళ్ళు కాలేదు. ఆవిడకి ఒక చెడ్డ అలవాటుంది. లెక్క తీయమంటే తీస్తారు.

బీపీ మాత్రల కోసం వచ్చినవాళ్ళని, షుగరు చూపించుకోడానికి వచ్చినవాళ్ళని, దగ్గుతో వచ్చినవాళ్ళని కూడా ఆవిడ వదల్లేదు. బల్లమీద కూర్చోబెట్టి మోకాలు వంచారు, చాచారు, చిప్ప మీద చెయ్యి వేసి కరకర ఉందేమో చూశారు. ఒక్కరు కూడా మోకాలి కోసం వచ్చినవాళ్ళు కారు. అడిగితే మాత్రం చెప్పారు. "దానికీ మందుంటాదా తల్లీ? వయసనుకుని ఊరుకున్నాం" అన్నారు. వరి ఊడ్పులు ఊడ్చినవాళ్ళు, కొబ్బరిపీచు దులిపినవాళ్ళు, ఇటుక మోసినవాళ్ళు. చివరికి తేలిందేమిటంటే, మా దగ్గరికి వచ్చే నలభై దాటినవాళ్ళలో నూటికి నలభై ముగ్గురికి మోకాళ్ళు అరిగాయి.

అలా అరిగినవాళ్ళలో నూకరత్నం ఒకతె. బడిలో మధ్యాహ్నం పిల్లలకి వండిపెడుతుంది. మొగుడు పోయాక ఆ వంటే ఆమెకి ఆధారం. పెద్ద గిన్నె పొయ్యి మీంచి దింపాలన్నా, పీట మీద కూర్చుని లేవాలన్నా ఆమెకి ప్రాణం పోయినంత పనవుతోంది. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, "గుజ్జు మొత్తం అరిగిపోయిందమ్మా, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. మందులతో లాభం లేదు, ఆపరేషనే" అని చెప్పారు.

"సేయించండి డాట్రుగారండీ. పప్పు గిన్నె దింపలేకపోతే యేరే మనిషిని పెట్టుకుంటానని మేష్టారు అనేశారండి. నా కూడు ఆ గిన్నెలోనే ఉందండి."

కార్తీకమాసంలో టౌను పెద్దాసుపత్రిలో కీళ్ళ డాక్టర్ల శిబిరం ఉంది. మా కేంద్రం నుంచి చీటీ తీసుకెళితే ఆపరేషనుకి పేరు రాసుకుంటారు. ఆ చీటీ శిబిరం జరిగే వారంలోనే, మనిషిని ఎదురుగా చూసి రాసింది అయి ఉండాలి. అప్పుడు రమ్మని డాక్టరమ్మ చెప్పి పంపారు.

ఈలోగా జిల్లా కేంద్రంలో సమీక్షా సమావేశం వచ్చింది. డాక్టరమ్మకి తోడు నేనూ వెళ్ళాను. తెర మీద జిల్లా పటం వేశారు. పటమంతా ఆకుపచ్చగా ఉంది, మా తాటిమూల ఒక్కటే ఎర్రగా ఉంది. మోకాలి మిషన్ ప్రత్యేకాధికారి త్రిలోచనరావుగారు భారీ మనిషి, చేతిలో వెండి పొన్ను వేసిన కర్ర ఉంటుంది. ఆ కర్రతో ఎర్రమచ్చని పొడిచారు.

"డాక్టరుగారూ, జిల్లాలో మరెక్కడా లేని నొప్పి మీ కేంద్రంలోనే ఎందుకు ఉత్పత్తి అవుతోంది?"

"ఉత్పత్తి కాదు సార్. ఉన్నదే. అడిగి చూశాం, కనబడింది."

"కాలవ అవతల మామిళ్ళదిబ్బ కేంద్రంలో సున్నా శాతం. వారికి కనబడలేదే?"

"అక్కడ అడిగి ఉండరు సార్."

త్రిలోచనరావుగారి మొహం వెలిగిపోయింది. "అదే కదమ్మా ఉత్తమ విధానం! ప్రశ్న సంధించనిదే సమస్య ఉత్పన్నం కాదు. మామిళ్ళదిబ్బవారు వ్యాధిని మూలంలోనే అరికట్టారు. మీరు పరీక్షల నెపంతో వ్యాధిని ప్రోత్సహించారు."

మామిళ్ళదిబ్బ డాక్టరుగారు లేచి నిలబడి నమస్కారం చేశారు. ఆయన ఆ ఆసుపత్రికి వారానికొకసారి వస్తారు. వచ్చినరోజున రోగులు ఆయన్నీ, ఆయన రోగుల్నీ ఇబ్బంది పెట్టరు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

మాకు మూడు నెలలు గడువిచ్చారు. అప్పటికి మోకాళ్ళు సున్నాకి రావాలి.

మొదటి ఉత్తర్వు పదిరోజుల్లో వచ్చింది. మోకాలు అనే పదం ప్రజానీకంలో అనవసర భయాందోళనలు రేకెత్తిస్తున్నందున ఇకమీదట చీటీల్లో దానిని 'కాలి మధ్యభాగ అసౌకర్యం' అని రాయవలెను. రాశాం. ఆ నెలలోనే మోకాళ్ళ శాతం సగానికి పడిపోయింది. మిగతా సగం ఎందుకు పడలేదంటే, డాక్టరమ్మ అప్పుడప్పుడు పరధ్యానంలో మోకాలు అనే రాసేసేవారు.

నూకరత్నం అలా రాసిన తన మందుల చీటీ నాచేత చదివించుకుని నొచ్చుకుంది. "మద్దెబాగం అంటారేటండీ కంపౌండరుగారూ? ఇది మోకాలండి. పుట్టినకాణ్ణించీ దీన్ని మోకాలనే అంటన్నాం."

"ఇప్పుడు అనకూడదు నూకరత్నం. ఉత్తర్వు."

"అనకపోతే నొప్పి తగ్గుతాదంటారా?"

"శాతం తగ్గుతుంది."

 ఆమె నొప్పి మాత్రలు అడిగింది. అవి లేవు. శాతం తగ్గుతున్న మండలానికి నొప్పి మాత్రలూ పూత మందూ పంపడం వృథా ఖర్చని పైవాళ్ళు సరఫరా కూడా తగ్గించారు. నా సంచిలో ఒక పూత మందు ట్యూబు ఉంది. నా ఎడం మోకాలి కోసం నా డబ్బుతో కొనుక్కున్నది. ఆ మోకాలి సంగతి ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు, ఉద్యోగి నొప్పి కూడా శాతంలోకి వస్తుందేమోనని నా భయం. ట్యూబు ఆమె చేతిలో పెట్టాను.

గడువు దగ్గర పడుతుండగా త్రిలోచనరావుగారు స్వయంగా తనిఖీకి వచ్చారు. కారు దిగడానికి కాస్త ఆలస్యమైంది. ముందు కర్ర దిగింది, తర్వాత ఆయన దిగారు. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళని కలయజూసి, "వీరంతా ఎవరు?" అని అడిగారు.

"రోగులు సార్" అన్నాను.

"వీరు ఇక్కడికి ఎలా రాగలిగారు?"

"నడిచి సార్. కొందరు ఆటోలో."

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి దారి దొరికేసింది. "చూశారా డాక్టరుగారూ, లోపం ఎక్కడుందో! మీ ఓపీ నేలమీద ఉంది. నేలమీద ఉన్న సంస్థ సహజంగానే బలహీన మోకాళ్ళను ఆకర్షిస్తుంది. భవనానికి పై అంతస్తు లేదా?"

ఉంది. పైన శిక్షణా హాలు కట్టారు. చోటు కలిసొస్తుందని కట్టినాయన మెట్లు నిటారుగా లేపాడు. ఒక్కో మెట్టు మూరెడెత్తు, పట్టుకోడానికి కమ్మీ లేదు. ఆ మెట్లు చూసి భయపడి శిక్షణకి ఎవరూ రాకపోవడంతో హాలులో పాత మంచాలు పడేశాం.

"ఓపీని తక్షణమే ఊర్ధ్వీకరించండి" అన్నారు త్రిలోచనరావుగారు.

డాక్టరమ్మ నిర్ఘాంతపోయారు. "సార్, మోకాళ్ళ నొప్పులవాళ్ళు పైకి ఎలా వస్తారు?"

"రారు."

"రాకపోతే వాళ్ళకి వైద్యం?"

"అమ్మా, మనకి అప్పగించిన లెక్క ఏమిటి? ఆరోగ్య కేంద్రానికి వచ్చే రోగుల్లో ఎంతమందికి నొప్పి ఉంది అన్నది. వచ్చినవారే రోగులు. రానివారు పౌరులు. పౌరుల మోకాళ్ళు మన శాఖ పరిధిలోకి రావు. డినామినేటర్‌లో లేని మనిషి గురించి బాధపడటం శాస్త్రీయం కాదు."

ఇంత తేటగా ఎవరైనా చెబుతారా? మర్నాటికల్లా పాత మంచాలు కిందికి, డాక్టరమ్మ కుర్చీ పైకి వెళ్ళిపోయాయి. దాంతోపాటే రెండో ఉత్తర్వు గోడకెక్కింది. స్వయంగా మెట్లెక్కి వచ్చిన వ్యక్తికి మోకాలి వ్యాధి లేనట్టుగా భావించవలెను. ఎక్కలేని వ్యక్తిని రోగిగా భావించరాదు.

ఆ వారం నుంచి పైకి కుర్రాళ్ళు వచ్చారు. ఒంట్లో ఏమీ లేకుండా సెలవు చీటీ కోసం వచ్చినవాళ్ళు కొందరు, బంతి తగిలి వేలు వాచినవాళ్ళు కొందరు. మోకాళ్ళ శాతం నిలువునా పడిపోయి సున్నా దగ్గర ఆగింది. అసలు నలభై దాటినవాళ్ళే పైకి రాకపోవడంతో బీపీ, షుగరు కూడా మండలంలో బాగా తగ్గిపోయాయి. త్రిలోచనరావుగారు దాన్ని అదనపు ప్రయోజనం కింద రాయించారు.

డాక్టరమ్మ ఊరుకోలేదు. రెండుమూడు రోజులు మధ్యాహ్నం పూట కిందికి దిగి అరుగు మీదివాళ్ళని చూశారు. నాలుగో రోజుకి మెమో వచ్చింది. నేలమీద చేసిన పరీక్ష పరీక్ష కాదనీ, మరోసారి దిగితే చర్య తప్పదనీ దాని సారాంశం. మెమో నేనే పైకి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ చదివి మడిచి పక్కన పెట్టి, "మీ కాలు కుంటుతోందేం కంపౌండరుగారూ?" అని అడిగారు. చెప్పు తెగిందని చెప్పాను.

కార్తీకమాసం వచ్చింది. మాకు మోకాలినొప్పి రహిత మండలం హోదా వచ్చింది. నీలం బోర్డు ఆవిష్కరించి, పైన ఓపీ గదిలోనే సభ పెట్టాలని నిర్ణయమైంది. ముహూర్తం సరిగ్గా కీళ్ళ శిబిరం రోజే పడింది. సభ పొద్దున, శిబిరం మధ్యాహ్నం దాకా.

త్రిలోచనరావుగారు బోర్డు మీది గుడ్డ లాగారు. తర్వాత మెట్ల దగ్గరికి వచ్చి తలెత్తి పైకి చూశారు. ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టారు. రెండో కాలు రాలేదు.  ఆయన ఆ కాలు కూడా దింపేసి, గొంతు సవరించుకుని, "ముఖ్య అతిథి నడిచి వెళ్ళడం ప్రోటోకాల్‌కి విరుద్ధం" అని చెప్పారు. వెంటనే కుర్చీ వచ్చింది. నలుగురు కుర్చీ పట్టుకుని, ఆయన్ని అందులో కూర్చోబెట్టి, పల్లకిలా పైకి చేర్చారు. నేను వెనక నుంచి కర్ర మోసుకెళ్ళాను.

ఆయన మాట్లాడుతుండగా గుమ్మంలోంచి ఒక వీపు లోపలికి వచ్చింది. ముందు వీపు, తర్వాత తల, చివరికి కాళ్ళు. నూకరత్నం. మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ పై మెట్టుకి ఆనించి, ఒంటిని వెనక్కి లాగి లాగి, అన్ని మెట్లూ అలాగే కూర్చునే ఎక్కింది. అరచేతులు గీసుకుపోయాయి. చీర నిండా సున్నం, చెమట. "డాట్రుగారండీ, సీటీ" అంది రొప్పుతూ.

 త్రిలోచనరావుగారు ఒక్క క్షణం తడబడ్డారు. మరుక్షణం ఆయన గొంతు గద్గదమైంది. "చూడండి! అరవై దగ్గరపడిన ఒక గ్రామీణ మహిళ, ఎవరి సాయమూ లేకుండా, స్వశక్తితో మెట్లధిరోహించి మన ముందుకు వచ్చింది. ఈ పథకానికి ఇంతకన్నా సజీవ నిదర్శనం ఏం కావాలి?"

ఆయన తన మెడలోని దండ తీసి ఆమె మెడలో వేయించారు. ఫోటో తీశారు. నూకరత్నానికి రెండు మోకాళ్ళూ భేషుగ్గా ఉన్నాయనీ, ఎంత బరువైన పనికైనా ఆమె తగుననీ అక్కడికక్కడే ధ్రువపత్రం రాయించి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, చప్పట్ల మధ్య ఆమె చేతికిచ్చారు.

"ఇది సీటీయేనాండి?" అని ఆమె నన్నడిగింది. 

సభ అయిపోయింది. కుర్చీ దిగింది, కారు కదిలింది, జనం కాఫీలకి వెళ్ళిపోయారు. నూకరత్నం మెడలో దండతో మెట్లకి పై చివర కూర్చుంది. "ఎక్కానండి. దిగేది ఎలాగోనండి" అంది. డాక్టరమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు. ఆమె చేతులు తన భుజం మీద వేయించుకుని, మెట్టుకో మెట్టు కూర్చుంటూ కిందికి దింపారు. కింది అరుగు మీద అందరి ఎదుటా ఆమె మోకాళ్ళు పరీక్ష చేసి, శిబిరానికి చీటీ రాసి, తన ముద్ర వేశారు.

"మేడమ్, నేలమీద పరీక్ష..." అన్నాను.

"తెలుసు. మీరు ఆటో పిలవండి" అన్నారు.

నేనే నూకరత్నాన్ని టౌనుకి తీసుకెళ్ళాను. పెద్దాసుపత్రి వరండాలో పొడుగాటి వరస. మా ముందు కుర్చీలో కూర్చున్నాయన మెడకి మఫ్లరు చుట్టుకుని, గోడవైపు మొహం తిప్పుకుని ఉన్నారు. కర్ర పొన్ను చూసి గుర్తుపట్టాను. త్రిలోచనరావుగారు. ఆయన పేరు కంప్యూటరులో ఇట్టే ఎక్కేసింది. ఆయన ఇల్లు జిల్లా కేంద్రంలో, దాన్నింకా రహితంగా ప్రకటించలేదు కాబట్టి అక్కడ నొప్పి ఉంది. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ రాసేశారు.

నూకరత్నం వంతు వచ్చింది. కంప్యూటరు దగ్గరి అమ్మాయి చీటీ చూసి, మీటలు నొక్కి, మళ్ళీ నొక్కి, తల అడ్డంగా ఊపింది. "తాటిమూల తీసుకోవట్లేదమ్మా. ఇవాళ పొద్దున్నుంచీ మీ మండలంలో ఈ జబ్బు లేదు."

"ఉందమ్మా. ఇదుగో, నా కాడ ఉంది" అని మోకాలు చూపించింది నూకరత్నం.

"నీ దగ్గరుంటే సరిపోదు, ఇందులో ఉండాలి."

నూకరత్నం పక్కకి తిరిగి ఆయన్ని చూసింది. మొహం విప్పారింది. "బాబుగారండీ, తమరున్నారా! దేవుడల్లే కనపడ్డారు. ఒక్క మాట సెప్పండి బాబూ. నా కాళ్ళు తమరు సూశారు కదండీ."

త్రిలోచనరావుగారు మఫ్లరు సర్దుకున్నారు. చుట్టూ జనం చూస్తున్నారు. "ఈమె మెట్లెక్కి రావడం నేను కళ్ళారా చూశాను. ధ్రువపత్రం కూడా ఇచ్చాను" అన్నారు గోడతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి ఒక అధికారి ఎదుట గొంతు పెంచాను. "మీరు కుర్చీలో ఎక్కారు సార్! ఆవిడ దేకుతూ ఎక్కింది!" అని అరిచాను. ఆయన నావైపు తిరిగి నా పేరూ హోదా అడిగారు. చెప్పాను. రాసుకున్నారు.

నూకరత్నం మాత్రం అరవలేదు. కంప్యూటరు అమ్మాయి బల్ల పట్టుకుని, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది. "మా మండలంలో లేదంటన్నారు కదండీ. మరి నా కాళ్ళల్లో ఉన్న ఈ నొప్పి ఏ మండలానిదండీ?"

ఆ అమ్మాయి తల వంచుకుని తర్వాతి పేరు పిలిచింది.

ఆ నెలాఖరుకి డాక్టరమ్మకి బదిలీ వచ్చింది, కాలవ అవతలి మామిళ్ళదిబ్బకే. అక్కడ ఆవిడ రోగుల్ని మోకాళ్ళ గురించి అడుగుతున్నారట. పటంలో ఆ చోటు అప్పుడే పసుప్పచ్చబడుతోందని విన్నాను. నాకూ ఆకుపచ్చ సిరా కాగితం ఒకటి వచ్చింది. ఎక్కడికో చెప్పను గాని, అక్కడికి బస్సు రోజుకొక్కటే.

వెళ్ళేముందు బడికి వెళ్ళి నూకరత్నాన్ని చూశాను. పని పోయి ఉంటుందని భయపడుతూనే వెళ్ళాను. పోలేదు. వంటగది గోడకి ఆ ధ్రువపత్రం అద్దం కట్టించి తగిలించి ఉంది. ఎంత బరువైన పనికైనా తగునని ప్రత్యేకాధికారి సంతకం పెట్టిన మనిషిని తీసెయ్యడానికి మేష్టారికి ధైర్యం చాల్లేదట. మేష్టారొక్కరే కాదు, బడి చూడ్డానికి వచ్చిన ప్రతి అధికారీ దాని ముందు నిలబడి చదివి, ఆమెని మెచ్చుకుని వెళ్ళారట.

గంట కొట్టే వేళయింది. ఆమె కొంగు చుట్టలుగా చుట్టి, పప్పు గిన్నె అంచులు పట్టుకుంది. పెదవి కొరుక్కుంది. లేపింది, ఆగింది, మళ్ళీ లేపింది. నేనో వైపు పట్టబోతే వద్దంది. గిన్నె కింద పెట్టాక గోడకి చేరగిలబడి, కళ్ళు తుడుచుకుని, అద్దంలోని కాగితం వంక చూసింది.

"అందరూ సదివేశారండి కంపౌండరుగారూ. ఈ రెండు మోకాళ్ళకే ఇంకా సదువు రాలేదు."